పాట ఏదో చెప్పుకోండి!

జనరంజనిలో పాట మొదలై, ఇంకా గొంతు వినిపించకముందే, ముందొచ్చే వయొలిన్లూ ఫ్లూటూ విని ఫలానా పాట అని చెప్పేసేవాళ్లు ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఒకరుండేవారు. చెప్పినవాళ్లకి గర్వం, చెప్పలేనివాళ్లకి ఉక్రోషం. అదే ఆటని ఇప్పుడు ఇంకోలా ఊహించండి. వినేవాళ్లకే కాదు, పక్కన ఉండి వాయించాల్సినవాళ్లకి కూడా ఏ పాట వస్తుందో తెలియదు. హాలు నిండా జనం. పియానో ముందు కూర్చున్న పెద్దమనిషి ఏదో వాయించుకుంటూ పోతున్నాడు. అది ఉరుమో, పెళ్లి బాజానో పోల్చుకోలేం. ఎక్కడో ఒకచోట మలుపు తిరిగి అసలు పాటలోకి దూకుతాడు. దూకినప్పుడు మిగతా ఇద్దరూ ఆయనతోపాటే దూకాలి. అరక్షణం ఆలస్యమైతే ముగ్గురి పరువూ పోతుంది.

ఎరోల్ గార్నర్ అనే అమెరికన్ పియానో విద్వాంసుడికి ఇది రోజువారీ సరదా. ఆయనది ముగ్గురి బృందం. జాజ్ సంగీతంలో దీన్ని పియానో ట్రయో అంటారు. పియానో, బేస్, డ్రమ్స్. బేస్ అంటే మనిషికంటే ఎత్తుండే వయొలిన్ లాంటిది, నిలబెట్టి వేళ్లతో మీటుతారు. జనానికి తెలిసిన ఏ సినిమా పాటో నాటకం పాటో తీసుకుని, ఒకసారి వరస చూపించి, ఆ తర్వాత దానిమీద మనోధర్మంగా అల్లుకుంటూ పోవడం వీళ్ల పద్ధతి. మన కచేరీలో కల్పనస్వరాలు వేసినట్టే అనుకోండి. కాకపోతే మనకి రాగం ఆధారమైతే, వాళ్లకి పాట కింద ఒకదాని తర్వాత ఒకటి మారుతూ పోయే స్వరాల గుత్తులు ఆధారం. ఆ గుత్తుల వరస ముగ్గురికీ కంఠస్థమే. కానీ ఏ పాటో తెలిస్తే కదా ఏ వరసో తెలిసేది! గార్నర్ చెప్పడు. ముందే రాసుకున్న జాబితా ఉండదు. అసలు పాటతో సంబంధమే లేనట్టు ఏదో వాయించి అందరినీ దారి తప్పిస్తాడు. బేస్ వాయించే అతనికి ఆయన ఎడమచేతికేసి కళ్లప్పగించి చూడటం తప్ప వేరే ఆధారం లేదు.

ఈ ఆట నిండుగా దొరికిన రికార్డు ఒకటుంది. పేరు 'కాన్సర్ట్ బై ద సీ', అంటే సముద్రం ఒడ్డున కచేరీ. 1955 సెప్టెంబరు 19న కాలిఫోర్నియాలో కార్మెల్ అనే చిన్న ఊళ్లో, సన్‌సెట్ స్కూలు హాల్లో జరిగింది. మన స్కూలు వార్షికోత్సవాలకి తెచ్చే అద్దె హార్మోనియం ఎలా ఉంటుందో ఆ హాల్లో పియానో కూడా దాదాపు అలాగే ఉంది. శ్రుతి సరిగ్గా లేదు. అయినా ఆ రోజు రికార్డు వెయ్యాలని ఎవరూ అనుకోలేదు. దగ్గర్లో ఫోర్ట్ ఆర్డ్ అనే సైనిక శిబిరం ఉండేది. అక్కడి విల్ థార్న్‌బరీ అనే జాజ్ అభిమాని తెర వెనక ఒక టేపురికార్డరు పెట్టుకున్నాడు. గార్నర్ వ్యవహారాలు చూసే మార్తా గ్లేజర్ కంట్లో ఆ తిరుగుతున్న చక్రాలు పడ్డాయి. ఆవిడ ఆ టేపు సంపాదించి కొలంబియా కంపెనీవాళ్ల దగ్గరికి తీసుకెళ్లింది. 1956లో అది రికార్డుగా వచ్చింది. 1958 నాటికి పది లక్షల డాలర్లకి పైగా అమ్ముడుపోయింది.

మా ఇంటికి ఇది పిట్స్‌బర్గ్ నుంచి వచ్చింది. మా అబ్బాయి రెండేళ్లు అక్కడ చదివాడు. వెంకటేశ్వరస్వామి గుడి పుణ్యమా అని ఆ ఊరి పేరు మనవాళ్లకి కొత్త కాదు. గార్నర్ 1921లో పుట్టింది ఆ ఊళ్లోనే. ఆయన కాగితాలూ టేపులూ ఇప్పుడు పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ల దగ్గరే ఉన్నాయి. అప్పట్లో రికార్డులో పట్టక వదిలేసిన 11 పాటలని కూడా కలిపి 2015లో మొత్తం కచేరీని మూడు సీడీలుగా తెచ్చారు. ఆ పనిలో చెయ్యి వేసినవాళ్లలో జెరి ఆలెన్ కూడా ఉంది, ఆవిడ కూడా మంచి పియానో విద్వాంసురాలు. 2017లో పోయింది. మావాడు సెలవలకి వస్తూ ఆ సీడీలు తెచ్చి, "తాతగారికి వినిపించమ్మా, తాళం ఉంది కాబట్టి ఇష్టపడతారు" అన్నాడు. మా నాన్న మృదంగం వాయించేవారు. నలభై ఏళ్లు పక్కవాద్యం ఆయన బతుకు. ఇప్పుడు ఎనభై నాలుగు దాటాయి. వేళ్లు కీళ్లవాతంతో వంకర్లు పోయాయి. మృదంగం ఉన్న గదిలోకి వెళ్లడం కూడా తగ్గించేశారు.

నాన్న సంగతి చెప్పేముందు ఆ వాయిద్యం గురించి కాస్త చెప్పాలి. గార్నర్ ఎడమచెయ్యి గడియారంలా నడుస్తుంది. గిటారు మీద లయ వేసినట్టు ఒకటి రెండు మూడు నాలుగు, ఒకటి రెండు మూడు నాలుగు. కుడిచెయ్యి మాత్రం ఆ నడకకి ఒక వెంట్రుకవాసి వెనక ఉంటుంది. బజారుకెళ్లే తల్లీ, వేలు పట్టుకున్న పిల్లాడూ గుర్తొస్తారు నాకు. తల్లి ఆగదు, ఆవిడకి పనులున్నాయి. పిల్లాడు ప్రతి కొట్టు దగ్గరా మెడ తిప్పి చూస్తూ, కాళ్లీడుస్తూ, వేలు వదిలిపోతుందేమో అనిపించేదాకా వెనకబడి, చివర్లో నాలుగు గెంతులు గెంతి కలిసిపోతాడు. 'టీచ్ మీ టునైట్' అనే పాటలో ఈ నడక చాలా హాయిగా ఉంటుంది. ఒకే మనిషి రెండు చేతులు అలా రెండు మనసులతో ఎలా నడుస్తాయో నాకిప్పటికీ అర్థం కాదు. వంటింట్లో ఒకచేత్తో పిండి కలుపుతూ ఇంకోచేత్తో పోపు చూసుకోవడం అలవాటున్న నాకే అర్థం కాలేదంటే చూడండి.

ఇంకో అల్లరి, గొంతు తగ్గించడం. పిడుగులు పడుతున్నట్టు వాయిస్తూ వాయిస్తూ ఉన్నట్టుండి రహస్యం చెబుతున్నట్టు తగ్గిపోతాడు. మనం చెవి ముందుకు పెడతాం. పెట్టామో లేదో మళ్లీ ఢాం! పిల్లలతో దోబూచులాడే మేనమామ పద్ధతి. అన్ని పాటలూ నాకు ఒకేలా నచ్చాయని చెప్పను. 'ఆటమ్ లీవ్స్'ని చాలామంది మెచ్చుకుంటారుగానీ నా మట్టుకు నాకు అందులో పాకం ముదిరింది. అలల మీద అలలు, జలపాతాలు, ఇంక చాలు బాబూ అనిపిస్తుంది. 'మాంబో కార్మెల్' మాత్రం ఎన్నిసార్లయినా వింటాను.

మనిషి పొట్టి. అయిదడుగుల రెండంగుళాలు. పియానో అందడానికి కుర్చీ మీద టెలిఫోన్ డైరెక్టరీలు వేసుకుని కూర్చునేవాడు. సంగీతాన్ని కాగితం మీద చదవడం, రాయడం రాదు. 'మిస్టీ' అని ఆయన 1954లో కట్టిన పాట ప్రపంచమంతా పాడుకుంది. అది విమానంలో కూర్చుని ఉండగా తట్టిందట. రాసుకోవడం రాదు కాబట్టి దిగేదాకా మనసులోనే తిప్పుకుంటూ కూర్చున్నానని చెప్పేవాడు. ఆ పాట పేరు పెట్టుకునే క్లింట్ ఈస్ట్‌వుడ్ 1971లో ఒక సినిమా తీశాడు. తీసింది ఎక్కడనుకున్నారు, ఇదే కార్మెల్లో. తర్వాత ఆయన ఆ ఊరికి రెండేళ్లు మేయరు కూడా అయ్యాడు. సరే, దారి తప్పుతున్నాను. గార్నర్ గురించి మాట్లాడితే అలాగే అవుతుంది.

నాన్న మొదటిసారి విన్నప్పుడు అన్నమాట, "మధ్యమధ్యలో ఆ మూలుగేమిటమ్మా, ఆయనకి ఒంట్లో బాలేదా?" అని. గార్నర్ వాయిస్తూ గొంతులో ఏదో గునుస్తుంటాడు, అది రికార్డులో వినిపిస్తుంది. బానే ఉంది నాన్నా, ఆనందం అన్నాను. ఆహా అన్నారు. కాసేపయ్యాక రెండో ప్రశ్న. "తొప్పి ఏదీ?" మృదంగానికి ఎడమవైపు, గుమ్మని పలికే మొహాన్ని తొప్పి అంటారు. ఆయన అడుగుతున్నది బేస్ గురించి. ఆ టేపులో బేస్ చాలా తక్కువ వినిపిస్తుంది. పాత రికార్డులో అయితే దాదాపు లేనట్టే. కొత్త సీడీల్లో కొంత బాగుచేశారు. వాయించినవాడు ఎడ్డీ కాల్హూన్. అప్పటికి గార్నర్‌తో చేరి ఎంతో కాలం కాలేదు. నేను స్పీకరు నాన్న కుర్చీ దగ్గరికి జరిపాను. ఆయన కళ్లు మూసుకుని పియానో చప్పుడు కిందనుంచి ఆ గుమ్ గుమ్ కోసం వెతుక్కుంటూ విన్నారు.

అప్పుడు జరిగిందొకటి. ఒక పాటకి ముందు గార్నర్ యథాప్రకారం ఏదో అడవిలోకి తీసుకెళ్లాడు. నాన్న మొహం బిగుసుకుంది. కుర్చీ చేతిమీద ఉన్న వేళ్లు గాల్లోకి లేచి ఆగాయి. ఆ ఆగడం నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. గాయకుడు ఎక్కడ ఎత్తుకుంటాడో అని స్టేజీ మీద మృదంగం మీదకి చేతులు చాచి ఆగే పద్ధతి. పాట వచ్చింది. ముగ్గురూ కలిసి పడ్డారు. నాన్న వేళ్లు కూడా కుర్చీ మీద పడ్డాయి. ఆ పాట ఏమిటో ఆయనకి తెలియదు, జన్మలో వినలేదు. అయినా సరిగ్గా అక్కడే పడ్డాయి. నాన్న పెద్దగా నవ్వారు. ఈమధ్య కాలంలో అంత నవ్వు వినలేదు.

"వాడు వీళ్లని ఆడిస్తున్నాడేగానీ ఏడిపించట్లేదమ్మా" అన్నారు.

ఆ మాట వెనక ఉన్న సంగతి నాకు నాన్న ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ చెప్పింది. 1974లో శ్రీరామనవమి పందిట్లో ఒక పేరున్న గాయకుడికి నాన్న పక్కవాద్యం. పల్లవి ఎత్తుకునే చోటు గురించి సాయంత్రం ఒకమాట అనుకున్నారు. స్టేజీ మీద ఆయన చెప్పాపెట్టకుండా దాన్ని మార్చేశాడు. నాన్న ముక్తాయింపు తాళంలో పడాల్సిన చోట పడలేదు. గాయకుడు పాడటం ఆపి, జనంకేసి తిరిగి, తాళం మాత్రం వేసి చూపిస్తూ చిరునవ్వు నవ్వాడట. పందిరి నవ్వింది. కచేరీ అయ్యాక భుజం తట్టి, "సరదాకి చేశానోయ్, ఏమనుకోకు" అన్నాడట. నాన్నకి ముప్పై మూడేళ్లు. మూడు నెలలు మృదంగం గుడ్డ విప్పలేదని అమ్మ చెప్పింది. ఆయనెవరో నాకు తెలుసు. ఇప్పుడు లేడు. మంచి విద్వత్తున్న మనిషేనని నాన్నే అంటుంటారు. పేరెందుకులెండి.

చెయ్యడం చూస్తే గార్నర్ చేసినదీ అదే. చెప్పకుండా చోటు మార్చడం, పక్కవాళ్లని గాల్లో నిలబెట్టడం. మరి తేడా ఎక్కడుంది? నాన్న దాన్ని నాకు చేత్తో చూపించారు. మళ్లీ మొదటినుంచి వెయ్యమని, "ఇక్కడ చూడు" అన్నారు. పాటలోకి దూకేముందు గార్నర్ ఒక క్షణం ఎడమచేత్తో దారి తెరుస్తాడు. ఒక అడుగు, ఒక ఆనవాలు. జనం గమనించరు, వాళ్లకక్కర్లేదు. పక్కన కాచుక్కూర్చున్నవాడికి మాత్రం అది చాలు. "పిల్లాణ్ని పైకి ఎగరేసే తండ్రి చేతులు ఎక్కడుంటాయి? కిందే ఉంటాయి కదా" అన్నారు నాన్న. ఇది పండితులు ఒప్పుకునే సూత్రమో కాదో నాకు తెలియదు. ఆ తర్వాత నేను ఆ సీడీలు ఎన్నిసార్లు విన్నా నా చెవి పియానో మీద నిలవడంలేదు, పాటకి ముందు ఆ ఒక్క అడుగు కోసం చూస్తోంది. దొరికినప్పుడల్లా ఏదో కొంగున కట్టుకున్నట్టు ఉంటుంది.

డ్రమ్స్ వాయించినతని గురించి అడిగారు నాన్న. పేరు డెంజిల్ బెస్ట్. ఈయన కథ మా అబ్బాయి ఫోన్లో చెప్పాడు. మొదట ఆయన ట్రంపెట్ వాయించేవాడట. ఊపిరితిత్తుల జబ్బుతో ఊదడం మానేయాల్సొచ్చింది. అప్పుడు డ్రమ్స్‌కి మారాడు. పేరు తెచ్చుకున్నాక కారు ప్రమాదంలో రెండు కాళ్లూ విరిగాయి. కొంతకాలం సంగీతానికే దూరమయ్యాడు. కోలుకుని మళ్లీ వచ్చిన కొద్దికాలానికే ఈ కార్మెల్ కచేరీ. ఆయన ప్రత్యేకత, బ్రష్షులు. పుల్లలతో కాకుండా సన్నటి తీగల కుంచెలతో డ్రమ్ము మీద రాస్తూ వాయించడం. తెల్లారగట్ల ఎవరో వాకిలి ఊడుస్తున్నట్టు సన్నటి చప్పుడు. కచేరీ పొడుగునా గార్నర్ ఉరుముతున్నా మెరుస్తున్నా ఆ వాకిలి ఊడ్చే చప్పుడు తొణకదు. 1965లో న్యూయార్క్‌లో భూగర్భ రైలు స్టేషను మెట్ల మీద పడి, ఆ దెబ్బతో పోయాడు. నలభై ఎనిమిదేళ్లు.

నాన్న ఏమీ అనలేదు. చాలాసేపటికి, "ఇంకోసారి పెట్టు. పియానో వద్దులే, ఆయన్ని వింటాను" అన్నారు. పియానో లేకుండా ఎలా వింటారని అడగబోయి ఊరుకున్నాను. ఆయన వినగలరు.

గార్నర్ నవ్వుమొహం వల్ల ఒక నష్టం కూడా జరిగింది. నవ్వుతూ, నవ్విస్తూ, తెలిసిన పాటలే వాయించేవాణ్ని పెద్ద విద్వాంసుల లెక్కలో వెయ్యడానికి కొందరు విమర్శకులకి చెయ్యాడలేదు. మనదగ్గర కూడా జనం నవ్వితే విద్వత్తు తక్కువని అనుకునేవాళ్లు లేకపోలేదు. ఆయన మెతక మనిషనుకుంటే పొరపాటే. తన అనుమతి లేకుండా పాత రికార్డింగులు విడుదల చేశారని, తనకి అంత డబ్బు తెచ్చిపెట్టిన ఆ కొలంబియా కంపెనీ మీదే కోర్టుకెక్కాడు. 1962లో పట్టుబట్టి తనకి అనుకూలంగా తేల్చుకున్నాడు. తన వాయిద్యంలో ఏది జనంలోకి వెళ్లాలో తానే చెప్పాలన్నది ఆయన పట్టు. 1977 జనవరి 2న లాస్ ఏంజెలెస్‌లో పోయేదాకా మార్తా గ్లేజరే ఆయన వ్యవహారాలు చూసింది. ఎడ్డీ కాల్హూన్ ఆ ఎడమచేతిని కనిపెట్టుకుంటూ 1966 దాకా ఆయనతోనే ఉన్నాడు. అంతకాలం ఉన్నాడంటే ఆ ఆటలో ఏడుపు లేదన్న నాన్న మాటకి వేరే సాక్ష్యం ఎందుకు?

మూడో సీడీ చివర పాట కాదు, మాటలున్నాయి. కచేరీ అయిపోయాక ఆ టేపు పెట్టుకున్న థార్న్‌బరీయే ముగ్గురితోనూ మాట్లాడి రికార్డు చేశాడు. పద్నాలుగు నిమిషాలకి దగ్గర్లో ఉంటుంది. నాన్నకి ఇంగ్లీషు మాట పడదు, ఆ యాస నాకూ సగమే పట్టుబడుతుంది. ఆపేద్దామని రిమోట్ తీసుకున్నాను.

"ఉండు ఉండు. ఎవరు మాట్లాడుతున్నారు?"

"ముగ్గురూ నాన్నా. పియానో ఆయన, బేస్ ఆయన, డ్రమ్స్ ఆయన."

"పక్కవాద్యాలవాళ్ల దగ్గరా మైకు పెట్టారా!" అని నిటారుగా కూర్చున్నారు. నలభై ఏళ్లలో ఆయన్ని ఒక్క పత్రికవాళ్లూ ఏమీ అడగలేదు. కరపత్రంలో పేరు అడుగున, చిన్నక్షరాల్లో, ఒక్కోసారి ఇంటిపేరు తప్పుగా.

"అందులో బ్రష్షులాయన గొంతు ఏదో కాస్త చూడమ్మా" అన్నారు. మళ్లీ మొదటికి తిప్పాను. ఇద్దరం స్పీకరు దగ్గరికి జరిగి ఒక్కో గొంతూ ఎవరిదో పోల్చుకుంటూ కూర్చున్నాం.